తెల్లవారుజాము నీళ్ళు

తొట్టి అడుగున పిల్ల మళ్ళీ చచ్చి పడి ఉంది.

చచ్చిన పిల్లను చూడడానికి మామూలు కళ్ళు చాలు. బతికినదాన్ని చూడడానికే మైక్రోస్కోప్ కావాలి. బతికున్నంతసేపూ ఆల్చిప్ప పిల్ల నీళ్ళలో మసకలా తిరుగుతుంటుంది, అది ప్రాణి అంటే నమ్మబుద్ధి కాదు. చచ్చాక మాత్రం అంతా కూడబలుక్కున్నట్టు అడుగుకు చేరి, బూడిద రంగు పిండిలా పేరుకుంటుంది. పెద్దకోడలు తొట్టి అంచు మీద రెండు చేతులూ ఆనించి ఆ పిండిని చూస్తూ నిలబడింది. ఏడుపు రాలేదు. ఏడుపు మొదటి విడతలకే అయిపోయింది. ఇప్పుడు వస్తున్నది వేరే. ఎవరి మీదికి పోవాలో తెలియక లోపలే నిలిచిపోయిన మంట.

"మళ్ళీనా వదినా?" మరిది గుమ్మంలోంచే అడిగాడు. లోపలికి రాలేదు. చావు జరిగిన ఇంటికి వచ్చినవాడిలా చెప్పులు విప్పాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించాడు.

"కళ్ళున్నాయిగా, చూడు."

"నేనేమన్నాననీ! అడిగాను, అంతే."

అడిగాను అంతే. ఈ ఇంట్లో అందరూ అంతే. ఎవరూ ఏమీ అనరు, అడుగుతారు.

సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోట గట్టు మీద ఉంది ఆ షెడ్డు. లోపల వరసగా తొట్లు. లావుపాటి గొట్టం ఒకటి గట్టు దిగి నీళ్ళలోకి పోతుంది. మోటారు వేస్తే సముద్రం షెడ్డులోకి వస్తుంది. ఆ నీటిని వడగట్టి, గోరువెచ్చగా చేసి, తల్లి చిప్పలు వదిలిన గుడ్లను అందులో పొదిగిస్తారు. పిల్ల కాస్త ఎదిగి పాత చిప్పలకు అతుక్కున్నాక బయట తీరం నీళ్ళలో కట్టిన మడుల్లో వేస్తారు. చుట్టుపక్కల చిప్పలు పెంచేవాళ్ళంతా పిల్ల కోసం ఇక్కడికే రావాలి. పూర్వం వాళ్ళకి ఈ షెడ్డు అవసరం అంతగా ఉండేది కాదు. అలలతో కొట్టుకొచ్చిన పిల్ల దానంతటదే మడుల్లో పట్టుకునేది. కొన్నేళ్ళుగా పట్టడం మానేసింది. ఎందుకు మానేసిందని ఎవరూ పట్టుబట్టి అడగలేదు. షెడ్డు ఉందిగా అనుకున్నారు.

షెడ్డు కట్టింది మామగారు. రూలు పెట్టిందీ ఆయనే. తొట్లు తెల్లవారకముందే నింపాలి. ఎండ తగలని నీరు, చల్లటి నీరు కావాలి. "రాత్రంతా నిద్రపోయి లేచిన నీరమ్మా అది. మనిషిలాగే, ఇంకా ఎవరితోనూ గొడవపడి ఉండదు" అని పెళ్ళైన కొత్తలో చెప్పాడు. ఆ మాటకు ఆమె నవ్వింది, నమ్మింది కూడా. ఆనాటి నుంచి ఒంట్లో బాగున్నా లేకున్నా, ఇంట్లో చుట్టాలున్నా, చీకటితోనే లేచి మోటారు వేసేది. చేతులు మోచేతుల దాకా తోముకుని కానీ తొట్టి ముట్టుకునేది కాదు. ఆమె చేతిలో పిల్ల పచ్చగా పెరిగింది.

"హస్తవాసి" అన్నాడు మామగారు.

డాక్టర్ల గురించి అనే మాట అది. ఒకే మందు ఇద్దరిస్తే ఒకరి చేతిలోనే రోగం నయమవుతుందే, ఆ గుణం. తన చేతులకు ఆ గుణం ఉందని విన్న రోజు ఆమె అద్దం ముందు నిలబడి ముఖం కాక చేతులు చూసుకుంది. ఇప్పుడా సంగతి తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. మెచ్చుకోలు అనుకుని లోపలికి రానిచ్చింది ఆ మాటను. కూర్చోబెట్టి మర్యాద చేసింది. పిల్ల బతికితే చేతి గొప్ప అయినప్పుడు, చస్తే తప్పెవరిదవుతుందో ఆలోచించలేదు.

ఆ ఉదయం ఇంటి ముందు గదిలో పంచాయితీ లాంటిది జరిగింది. పంచాయితీ అని ఎవరూ అనలేదు, కాఫీలు తాగుతున్నారు. మామగారు మోకాళ్ళ మీద తువ్వాలు కప్పుకుని కుర్చీలో ఉన్నాడు. మరిది గోడకు ఆనుకున్నాడు. ఆమె భర్త పడవ మీద మడులు చూసే పనికి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు తొడుక్కుంటున్నాడు.

"సబ్బు మార్చావా అమ్మాయ్?" మామగారు అడిగాడు.

"లేదు."

"తొట్లు కడిగే మందు?"

"అదే మందు. మీరున్నప్పటిదే."

"చేతులకి ఏమైనా రాసుకుంటున్నావా? ఆ క్రీములూ అవీ."

"నేనా మామయ్యా? క్రీములు?"

"అడిగాను" అన్నాడాయన. "ఏదీ, చేతులిలా చూపించు."

ఆమె చూపించింది. అదే తర్వాత ఆమెను తొలిచేసింది. చూపించనని అనలేదు. బడిలో గోళ్ళు చూపించే పిల్లలా రెండు చేతులూ చాపింది. మామగారు వంగి చూశాడు. మరిది ఇంకో అడుగు ముందుకేసి, వేళాకోళంగానే, వాసన చూశాడు.

"చేపల వాసన తప్ప ఇంకేం లేదు నాన్నా. వదిన నిర్దోషి!" అని నవ్వాడు.

భర్త రెండో బూటు తొడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఆ సీసాలాయన నీళ్ళు పట్టుకెళ్ళాడుగా, ఏమన్నాడు?" అని ఆమె అడిగింది. సముద్రాన్ని పరీక్షించే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, గొట్టం దగ్గర సీసాలు నింపుకుని పోయాడు. పేరు ఎవరికీ గుర్తులేదు.

"ఇంకా ఏమీ అనలేదు. అయినా నీళ్ళకేమవుతుంది వదినా, సముద్రం నీళ్ళు! చెరువైతే పాడవుతుంది కానీ." మరిది గొంతు మార్చాడు. "అసలు విషయమేంటంటే, రేపటి విడత చూద్దాం. అదీ పోతే బయట నుంచి ఒక మనిషిని మాట్లాడాను. పెద్ద హేచరీలో పనిచేసొచ్చాడు. తొట్లు వాడు చూసుకుంటాడు. నువ్వు చిప్పలు ఏరే షెడ్డులో ఉందువుగాని. నీకూ విశ్రాంతి."

విశ్రాంతి! ఆ మాట విని ఆమె నవ్వింది. పళ్ళు కనిపించాయి కాబట్టి వాళ్ళు దాన్ని నవ్వే అనుకున్నారు.

ఆ రాత్రి భోజనం దగ్గర భర్తను పట్టుకుంది.

"ఒక్క మాట అనలేకపోయారా?"

"ఏమనమంటావు?"

"మీ వదిన చేతులు వాసన చూడ్డమేంట్రా అనమంటాను."

"వాడు సరదాకి..."

"మీ చేతులు చూడమని నేనూ సరదాకి అంటాను, అప్పుడు తెలుస్తుంది. పోయిన వారం మడుల్లో సగం చిప్పలు కుళ్ళినప్పుడు మీ చేతులు ఎవరైనా చూశారా? గాలి బాగోలేదన్నారు. మీకైతే గాలి. నాకైతే చేతులు."

అతను కంచంలోకి చూస్తూ తింటున్నాడు. మంచివాడే. ఆ మంచితనం వల్ల ఆమెకు ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బా తగల్లేదు. ఒక్క దెబ్బనూ అది అడ్డుకోనూ లేదు.

"గాలి మాత్రం నిజంగానే బాగోలేదు. ఎండాకాలమంతా ఒకే గాలి" అన్నాడు చివరికి. "మా చిన్నప్పుడు రెండు రోజులు వీస్తే రెండు రోజులు ఆగేది. ఇప్పుడు పట్టిందంటే వదలదు. మంచులా ఉంటున్నాయి నీళ్ళు. చేపల పడవలు కూడా ఊరికే తిరిగొస్తున్నాయి."

"నేనేం మాట్లాడుతున్నాను, మీరేం మాట్లాడుతున్నారు?"

"నువ్వే కదా గాలి అన్నావు!"

మర్నాడు కొత్త విడత. తల్లి చిప్పలు గుడ్లు వదలడానికి సిద్ధంగా ఉన్నాయి, రెండు తొట్లు నింపాలి. చీకటితోనే ఆమెకు మెలకువ వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు, గడియారం అక్కర్లేదు. కళ్ళు తెరిచి, లేవలేదు.

లేవకపోవడమంటే ఇంత పని అని ఆమెకు అప్పటిదాకా తెలియదు. కాళ్ళు వాటంతటవే మంచం దిగబోయాయి. వాటిని ఆపాల్సి వచ్చింది. చెవులు మోటారు చప్పుడు కోసం వెతికాయి, లేని చప్పుడు గదంతా నిండింది. పక్కన భర్త కదిలాడు. "లేవవా?" అన్నాడు.  దుప్పటి తల మీదికి లాక్కుంది. ఆ దుప్పటి కింద చీకట్లో ఆమె మనసు కసితీరా తిట్టుకుంటోంది. మామగారిని, మరిదిని, భర్తను, వరస పెట్టి, ఎవర్నీ వదలకుండా. ఆ వరసలో చివరికి తన చేతులు కూడా వచ్చాయి. చాపమంటే చాపిన చేతులు.

భర్త లేచి వెళ్ళాడు. కాసేపటికి మోటారు చప్పుడైంది. ఆమె బదులు తనే నింపుతున్నాడు, ఆమెకు మాట రాకూడదని. ఒక తొట్టి నిండేసరికి పోటు దిగే వేళైంది, పడవ నీళ్ళలో ఉండగానే బయల్దేరాలి. రెండోది ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆమె ఎండ నడినెత్తికొచ్చాక లేచింది. తలుపవతల మామగారి దగ్గు రెండుసార్లు వినిపించింది. ఆ దగ్గులో పిలుపుంది.  తీరిగ్గా తిన్నది. తిన్న చేతులు నీళ్ళ కింద ఇలా పెట్టి అలా తీసి, షెడ్డుకు నడిచింది. ఎండ మండిపోతోంది. గట్టు కింద లోతులేని నీళ్ళలో సముద్రపు గడ్డి ఆకుపచ్చగా మెరుస్తోంది. "కావాలంటే చావండి" అని తల్లి చిప్పలతోనో, తొట్టితోనో, ఇంటివాళ్ళతోనో పైకే అని మోటారు వేసింది. వడగట్టే గుడ్డ మార్చలేదు. మోచేతులు తోముకోలేదు. గుడ్లను రెండు తొట్లలోనూ సగం సగం పోసి, మూత వేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. జీవితంలో మొదటిసారి పనిని పనిలా, మొక్కుబడిగా చేసింది. మనసుకు హాయిగా ఉంది. ఆ హాయి కూడా కోపంలోంచి వచ్చిందేనని ఆమెకు తెలుసు.

మూడోనాటికి భర్త నింపిన తొట్టి అడుగున పిండి పేరుకుంది.

రెండో తొట్టిలో నీటి బొట్టు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. ముందు తనకి అర్థం కాలేదు. కన్ను నలుపుకుని మళ్ళీ చూసింది. పిల్ల గిరగిర తిరుగుతోంది. ఒక్కటి కాదు, చూపు ఆనినంత మేరా. ఒక్కొక్కదానికీ అద్దపు ముక్కలాంటి చిట్టి చిప్ప, అంచులు చెక్కుచెదరకుండా. ఇంత చక్కటి పిల్లను ఆమె చూసి చాలా కాలమైంది.

సంతోషం వచ్చింది. వచ్చి, కూర్చోకుండానే లేచిపోయింది.

ఎందుకంటే వెనకే వచ్చి తనూ కన్ను పెట్టి చూసిన మరిది కేక పెట్టాడు. "నాన్నా! వదిన హస్తవాసి తిరిగొచ్చింది! అన్నయ్య చేతిలో చచ్చాయి, వదిన చేతిలో బతికాయి. ఒకే గుడ్లు, ఒకే రోజు! ఇంక ఆ మనిషి వద్దు, ఏమొద్దు. అన్నయ్యా, ఇంకెప్పుడూ తొట్టి ముట్టుకోకు, నీది పాడు చెయ్యి!"

అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు, తప్పు తన మీదికి వచ్చినందుకు తేలికపడ్డట్టు. మామగారు ఇంటి ముందు కుర్చీలోంచి, "నేను చెప్పలా? చెయ్యి ఎక్కడికీ పోదు" అన్నాడు.

 ఆ మాటకు తలవంచుకుని సిగ్గుపడి నిలబడితే చాలు, తొట్లు ఆమెవే. అంత సులువు. కానీ ఆ చెయ్యి ఆ రోజు ఏం చేసిందో ఆమెకు తెలుసు. తిన్న ఎంగిలి కూడా సరిగ్గా కడుక్కోని చెయ్యి. చావండి అన్న నోరు. శ్రద్ధ పెట్టిన విడతలన్నీ చచ్చాయి, శ్రద్ధ పెట్టనిది బతికింది. తేడా చేతుల్లో లేదు. ఇంకెక్కడుంది?

వేళలో ఉంది. ఇది తట్టిన క్షణం చీకటితో లేచిన పొద్దులన్నీ వరసగా గుర్తొచ్చాయి. జ్వరంతో లేచినవి. వానలో తడుస్తూ నడిచినవి. ఆ ఒక్కొక్క పొద్దునా ఆమె స్వయంగా, ప్రేమగా, మోచేతులు తోముకుని, విషం తోడిపోసింది.

మర్నాడు సీసాలాయన వచ్చాడు. సన్నటి మనిషి, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇంటి ముందు నీడలో పెట్టె మీద కూర్చుని, మరిది ఇచ్చిన మజ్జిగ తాగి, నెమ్మదిగా చెప్పాడు. తీరం వెంబడి గాలి వీచినప్పుడు పైనున్న నీళ్ళు నడిసముద్రంలోకి జరిగిపోతాయి. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. ఆ నీళ్ళలో బలం ఉంది, ఎరువుంది. ఈ తీరంలో చేపలన్నీ, చిప్పలన్నీ దాని మీదే బతికాయి.

"నేను చెప్పేదీ అదే!" మామగారు లోపల్నించి అన్నాడు. "చల్లటి నీరే మంచిది."

"మంచిదేనండి, మీ కాలంలో. దాంట్లో బొగ్గుపులుసు గాలి కూడా ఉంటుంది. సోడాలోనూ పొగలోనూ ఉండేదే. అది ఎక్కువైతే నీళ్ళకు పులుపెక్కుతుంది. పుట్టిన మొదటి రెండు రోజుల్లో పిల్ల చిప్ప కట్టుకోవాలి. కట్టుకుంటుంటే ఆ నీళ్ళు కరిగించేస్తాయి. పాపం, ఉన్న బలమంతా దానికే ఖర్చుపెట్టి చచ్చిపోతుంది. ఇప్పుడు గాలి ముందుగా మొదలై ఎక్కువ రోజులు వీస్తోంది, ఆ నీళ్ళు ఎక్కువొస్తున్నాయి. వచ్చేదాంట్లోనూ పులుపు మునుపటికన్నా ఎక్కువ. పైగా రాత్రంతా నీళ్ళలో ప్రతిదీ ఊపిరితో ఆ పులుపు గాలినే వదులుతుంది. పగలు ఎండకు గడ్డీ నాచూ ఆ గాలిని పీల్చేసుకుంటాయి. అందుకని మధ్యాహ్నానికి నీళ్ళు కాస్త తేరుకుంటాయి."

"అంటే అన్నిటికన్నా చెడ్డది..." ఆమె అంది.

"తెల్లవారుజాము."

 లోపల కుర్చీ కిర్రుమంది.

"ఈ సంగతి మీకు ఎప్పట్నించి తెలుసు?" ఆమె గొంతు మామూలుగానే ఉంది. మరిది మాత్రం గ్లాసు కింద పెట్టి ఆమె వైపు చూశాడు.

"ఇక్కడి నీళ్ళ సంగతి ఇప్పుడేనండి, మీ సీసాలు చూశాకే. మామూలుగా అయితే... కొన్నేళ్ళుగా అనుకుంటున్నదే. వేరే తీరాల్లో కూడా జరిగింది. వ్యాసాలొచ్చాయి."

"ఎక్కడొచ్చాయి?"

"పత్రికల్లో. అంటే, మా శాస్త్రం పత్రికల్లో."

"ఓహో. ఆల్చిప్ప పిల్లలకు చదువొచ్చనుకుని రాశారా?"

"వదినా" అన్నాడు మరిది.

"నువ్వుండు. ఏవండీ, మీ ఆఫీసు ఎక్కడుంది? ఈ రోడ్డు చివరే కదా. కొన్నేళ్ళుగా మీరు ఆ చివర అనుకుంటున్నారు. ఈ చివర నేను చీకట్లో లేచి చంపుతున్నాను. మధ్యలో సైకిలు తొక్కుకుని వచ్చే ఒక్క మనిషి లేడా?"

అతని ముఖం ఎర్రబడింది. "మీ కోపం న్యాయమే" అన్నాడు.

న్యాయమని ఒప్పుకోవడం ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. తిరిగి అరిస్తే బాగుండేది. ఆమె కోపానికి ఎప్పుడూ ఇదే జరుగుతుంది. ఎవరో ఒకరు మెత్తగా అడ్డుపడి, దాన్ని తీసుకుని, ఒక మూల భద్రంగా పెట్టేస్తారు.

"సరే, మధ్యాహ్నం నింపితే సరిపోతుందా?" అంది.

"ప్రస్తుతానికి."

"తర్వాత?"

అతను సముద్రం వైపు చూశాడు. "ఇప్పుడు పైకొస్తున్న నీళ్ళు గాలిని ఆఖరుసారి తాకింది కొన్ని దశాబ్దాల కిందటండి. అప్పటి పొగే ఇప్పుడు మీ తొట్లోకి వస్తోంది. తర్వాత మనం వదిలింది ఇంకా అడుగునే ఉంది. వరసలో ఉంది. రేపు అందరూ కొలిమీ మోటారూ ఆపేసినా, అది మాత్రం వస్తుంది."

అతను సీసాలు సర్దుకుని వెళ్ళాక మరిది, "ఏదైతేనేం, మందు దొరికింది" అన్నాడు. "కానీ వదినా, ఈ పులుపూ గిలుపూ బయట చెప్పొద్దు. మన నీళ్ళు చెడ్డవంటే పిల్లను ఎవడు కొంటాడు? నీ హస్తవాసి అనే చెప్దాం. వినడానికీ బావుంటుంది."

"మళ్ళీ ఆ మాట నా దగ్గర అనకు."

"మెచ్చుకుంటుంటే..."

"మెచ్చుకోకు. నా చేతులు చేతులే. వాటితో తింటాను, కడుగుతాను, నీ అన్నయ్య చొక్కాలు ఉతుకుతాను. నీళ్ళు చెడ్డవని చెప్పు, కొనేవాళ్ళకి కూడా చెప్పు. వాళ్ళ మడుల్లో పిల్ల ఎందుకు పట్టడం లేదో వాళ్ళకీ తెలియాలి. చెప్పలేనంటే నీ పెద్ద హేచరీ మనిషినే తెచ్చుకో. ఎంత గొప్పవాడైనా తెల్లవారుజామున నింపితే వాడి చేతిలోనూ చస్తాయి. అప్పుడు వాడి చేతులు వాసన చూద్దువుగాని."

 భర్త, ఎన్నేళ్ళ తర్వాతో, "అది నిజమేరా" అన్నాడు. ఇప్పుడా అన్నట్టు ఆమె అతని వైపు చూసింది.

"ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం దాకా మోటారు ఎవరూ వెయ్యరు" అని ఆమె గుమ్మంలోంచి లోపలికి, కుర్చీకి వినబడేలా చెప్పింది. కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

నాలుగు పొద్దులు సవ్యంగా గడిచాయి. పిల్ల పెరుగుతోంది. నీళ్ళు మార్చే రోజు వచ్చింది. పాత నీళ్ళు తీసేసి, పిల్లను జల్లెడలోకి పట్టి చిన్న తొట్టిలో ఉంచి, పెద్ద తొట్టి కడిగి మధ్యాహ్నానికి సిద్ధంగా పెట్టింది ముందు సాయంత్రమే.

తెల్లవారుజామున మోటారు చప్పుడుకు మెలకువ వచ్చింది.

భర్త పక్కనే ఉన్నాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. షెడ్డులో దీపం వెలుగుతోంది. మామగారు, ఇంట్లో గదికి గదికి మధ్య గోడ పట్టుకుని నడిచే మనిషి, ఒక్కడే గట్టు దాకా వచ్చాడు. తొట్టి అంచు పట్టుకుని, గొట్టంలోంచి పడే నీటి ధార కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. తొట్టి సగం నిండింది.

"రా, చూడు" అన్నాడు ఆమెను చూసి. ముఖం వెలిగిపోతోంది. "ఎంత చల్లగా ఉందో చూడు. మంచు ముక్క. ఎండలో కాగిన నీళ్ళు పోస్తే పిల్ల ఉడుకుతుంది గానీ బతుకుతుందా? ఆ సీసాలవాడికేం తెలుసు!"

ఆమె మోటారు ఆపింది. తొట్టి అడుగునున్న బిరడా పట్టుకుని లాగింది. నీళ్ళు ఒక్కసారిగా నేల మీదికి దూకి, ఆయన పాదాల మీదుగా, పంచె అంచు తడుపుతూ కాలువలోకి పరుగెత్తాయి. ఆయన తూలాడు. ఆమె పట్టుకోవడానికి వెళ్ళలేదు. ఆయనే తొట్టి అంచు పట్టుకున్నాడు.

"ఏంటిది? నా షెడ్డులో నా మీదే నీళ్ళు వదుల్తావా?"

"మీరు చంపబోతుంటే వదలనా?"

"నేనా! నేను చంపేవాణ్ణా? నువ్వు పుట్టకముందు నుంచి ఈ నీళ్ళతో పెంచాను. ఈ తీరంలో ఎక్కడ చిప్ప తిరగేసినా నా పిల్లే. నన్ను అబద్ధాలకోరుని చేస్తున్నావు నువ్వు!"

"మిమ్మల్నెవరు అన్నారు? మీరు చెప్పింది నిజమే, మీకు. మీరు చెప్పారని నేను చేశాను. చీకట్లో లేచి, ఒక్క రోజు మానకుండా చేశాను. ఆ చచ్చిన పిల్లంతా నా చేతుల మీదుగా చచ్చింది మామయ్యా. నా శ్రద్ధ వల్ల చచ్చింది. కాస్త సోమరిదాన్నై ఉంటే సగమైనా బతికేది. ఇది ఎవరికి చెప్పుకోను? మీరేమో నా గోళ్ళు చూశారు!"

అరుస్తోందని ఆమెకు తెలుసు. ఇంటి దగ్గర తలుపు తీసిన చప్పుడైంది. ఎవరూ ఇటు రాలేదు. ఆయన పెదవి వణికింది. అది ఏడుపు కాదని ఆమె వెంటనే గుర్తుపట్టింది. తన ముఖంలో ఇన్నాళ్ళూ ఉన్నదే అది. తప్పు చేయకుండా తప్పైపోయినవాళ్ళ కోపం. పోవడానికి చోటు లేక మనిషిలోపల తిరుగుతుండే కోపం. గుర్తుపట్టింది, కానీ మెత్తబడలేదు. ఇన్నేళ్ళూ మెత్తబడుతూనే ఉంది.

కాలువలో నీళ్ళ చప్పుడు తగ్గింది. తొట్టి ఖాళీ అయింది. బయట గాలి మొదలైంది, ఎడతెరిపి లేని అదే గాలి, షెడ్డు రేకుల్ని వణికిస్తూ.

ఆయన తడి పాదాలను చూసుకున్నాడు. తర్వాత కేక తగ్గించి, సముద్రం తన మనిషే అన్నట్టు, ఊరెళ్ళిన మనిషి గురించి అడిగినట్టు అడిగాడు.

"మరి మళ్ళీ ఎప్పటికి బాగవుతాయట ఈ నీళ్ళు?"

ఆమె దగ్గర మెత్తటి జవాబులు చాలా ఉన్నాయి. ముసలాయనకు, మోకాళ్ళు పట్టేసినవాడికి, ఇంత దూరం నడిచొచ్చినవాడికి చెప్పదగినవి. చూద్దాం మామయ్యా అనవచ్చు. వచ్చే ఏడాదికి అనవచ్చు.

"కావు" అంది. "మీ బతుకులో కావు. నా బతుకులోనూ కావు."

 ఆమె బిరడా తీసుకుని గట్టిగా బిగించింది. మూలనున్న బకెట్టు బోర్లించి, మోటారు స్విచ్చికి అడ్డంగా, దాని మీద కూర్చుంది. మధ్యాహ్నానికి ఇంకా చాలా పొద్దుంది. ఆయన వెళ్ళడానికి కదల్లేదు. ఆమె వెళ్ళమనలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇద్దరూ అలాగే, కోపంగా, తెల్లవారుతున్న నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయారు.